అన్నదమ్ముల ఒట్టు నుంచి కుర్చీ కొట్లాట దాకా

చీకట్లో, రోడ్డు వారన ఒకణ్ణి ఇంకొకడు దుంగ పెట్టి బాదుతున్నాడు. దెబ్బలు తినేవాడు బిగ్ హెడ్, లావుపాటి నడివయసు మనిషి. వాడి దగ్గర ఒక పాత కర్ర ఉంది. కొట్టేవాడికి కావలసింది అదే. దెబ్బ పడినప్పుడల్లా బిగ్ హెడ్ కర్ర వదలడు సరికదా, ముఠాలో చేరిన రోజు చేసిన ప్రమాణాలను ఒక్కొక్కటే వల్లిస్తాడు. అన్నదమ్ములను మోసం చెయ్యను, చేస్తే ఫలానా చావు చస్తాను, అంటూ. అంతలో కొట్టేవాడి ఫోన్ మోగుతుంది. అక్కడ హాంకాంగ్‌లో లెక్కలు మారిపోయాయి. ఇప్పుడు ఇద్దరిదీ ఒకే వర్గం. దుంగ పక్కకు పోతుంది, కర్ర చేతులు మారుతుంది. నెత్తురు కారుతున్న మనిషికీ, కొట్టిన మనిషికీ మధ్య ఇక శత్రుత్వమే లేదు.

2005లో జానీ టో తీసిన కాంటోనీస్ సినిమా ‘ఎలక్షన్’లోది ఈ దృశ్యం. ముఠా సినిమాలు హాంకాంగ్ వందల్లో తీసింది. కానీ ఆ ముఠాల పుట్టుక దగ్గర ఉన్న ఒట్టునూ, వాటిని నడిపించే కుర్చీ ఆశనూ ఇలా ఒకే దెబ్బల చప్పుడులో వినిపించిన సినిమా మరొకటి లేదని నా గట్టి నమ్మకం. ఈ సినిమా వయసు ఇరవై ఏళ్ళే. దాని లోపల ఉన్న సరుకు వయసు మాత్రం రెండున్నర శతాబ్దాలు.

ఆ ఒట్టు 1760లలో దక్షిణ చైనాలోని ఫుజియన్ రాష్ట్రంలో పుట్టింది. జనం పెరిగారు, సాగుభూమి పెరగలేదు. ఊళ్ళలో బలమైన వంశాలదే పెత్తనం. వెనక పెద్ద వంశం లేనివాడికి, పొట్ట చేతపట్టుకుని ఊరు వదిలినవాడికి దిక్కెవరు? అలాంటివాళ్ళు కొందరు కూడి, అగరొత్తులు వెలిగించి, కోడి నెత్తురు తాగి, ఇకనుంచి మనం అన్నదమ్ములం అనుకున్నారు. చావు ఖర్చులకు ఒకరికొకరు, కొట్లాటలో ఒకరికొకరు. ఆకాశాన్నీ భూమినీ సాక్షిగా పెట్టుకున్న ఆ సంఘం పేరు టియన్‌డిహుయి. సాయం చేసుకోవడానికి పుట్టిన సంఘానికి బెదిరించి వసూలు చెయ్యడం కూడా మొదట్నుంచీ వచ్చు. ఈ రెండూ కవల పిల్లల్లా పుట్టాయి. మంచి సంఘం తర్వాత చెడిపోయింది అనే సులువైన కథ ఇక్కడ చెల్లదు.

1786లో తైవాన్‌లో లిన్ షువాంగ్‌వెన్ నాయకత్వంలో ఈ సంఘంవాళ్ళు తిరుగుబాటు చేశారు. అప్పటిదాకా పెద్దగా పట్టించుకోని, చైనాను ఏలుతున్న చింగ్ వంశపు ప్రభుత్వం దాని తర్వాత వెంటపడి మరీ వేటాడింది. వేట మొదలయ్యాక సంఘానికి ఒక పురాణం కూడా తయారైంది. చక్రవర్తికి యుద్ధంలో సాయం చేసిన షావోలిన్ సన్యాసులను అదే చక్రవర్తి మోసం చేసి మఠం తగలబెట్టించాడనీ, మిగిలిన ఐదుగురు సన్యాసులు చింగ్ వంశాన్ని కూల్చి, అంతకుముందు ఏలిన మింగ్ వంశాన్ని తిరిగి నిలబెడతామని ప్రతిజ్ఞ పట్టారనీ ఆ పురాణం. సంఘం తొలినాళ్ళ రికార్డుల్లో ఈ కథ జాడ లేదు. పందొమ్మిదో శతాబ్దపు ప్రతుల్లో కనిపిస్తుంది. కథ తర్వాత వచ్చిందే అయినా, దాని బలం మాత్రం తక్కువది కాదు. చైనా విప్లవ నాయకుడు సన్ యట్-సెన్ అంతటివాడు 1904లో హవాయిలో ఈ సంఘ పరంపరలో సభ్యుడిగా చేరాడు. విప్లవానికి విదేశాల్లోని చైనీయుల డబ్బూ మద్దతూ కావాలంటే ఆ తలుపే తట్టాలి మరి.

హాంకాంగ్ దీవి బ్రిటిష్‌వాళ్ళ చేతికి 1842లో వచ్చింది. మూడేళ్ళు తిరక్కుండానే, 1845లో, ట్రయాడ్లనే ఈ రహస్య సంఘాలను అణిచేందుకు అక్కడ చట్టం చేశారు. అంటే ఆ ఊరు ఎంత పాతదో, అందులో ముఠాలూ ఇంచుమించు అంతే పాతవి. ఓడరేవులో బరువులు మోసే పనికి గ్వాంగ్‌డాంగ్ నుంచి కూలీలు దిగేవాళ్ళు. వాళ్ళకు పని చూపించడానికీ, పడుకోవడానికి మంచం ఇప్పించడానికీ, కూలిలో కొంత కోసుకోవడానికీ సంఘం సిద్ధంగా ఉండేది. మంచం చూపించిన చెయ్యే మామూలు వసూలు చేసింది. రేవు నుంచి అది తోపుడుబళ్ళకు, పేకాట ఇళ్ళకు, డాన్స్ హాళ్ళకు, మినీబస్సులకు పాకింది. 1949 తర్వాత చైనా నుంచి వచ్చిపడిన లక్షలాది కాందిశీకులతోపాటు 14కె లాంటి ముఠాలూ వచ్చి స్థిరపడ్డాయి. పోలీసుల్లో లంచాలు ఎంతగా ముదిరాయంటే, 1974లో ప్రత్యేకంగా అవినీతి నిరోధక కమిషన్ పెట్టాల్సివచ్చింది.

పాత సంఘం పద్ధతులు ఈ ముఠాల్లో పైపైన నిలిచాయి. హోదాలకు అంకెలు: నాయకుడు 489, కత్తి పట్టే యోధుడు 426, లెక్కలూ సలహాలూ చూసేవాడు 415, మామూలు సభ్యుడు 49. నాలుగు తొమ్ముల ముప్పై ఆరు, అంటే సభ్యుడు చేసే ప్రమాణాల సంఖ్య. పూజలు గ్వాన్ యూ దేవుడికి. పీచుతోటలో లియు బే, జాంగ్ ఫేలతో కలిసి అన్నదమ్ముల ప్రమాణం చేసిన ఎర్రమొహం వీరుడు ఆయన. హాంకాంగ్ పోలీస్ స్టేషన్లలో కూడా ఆయనకే అగరొత్తులు వెలిగిస్తారు. పట్టుకునేవాళ్ళకూ పట్టుబడేవాళ్ళకూ ఇలవేల్పు ఒక్కడే.

సినిమా ఈ లోకంలోకి అడుగుపెట్టడానికి ముందు కాంటోనీస్ భాషకే ప్రాణం మీదికి వచ్చింది. 1970ల మొదట్లో హాంకాంగ్ స్టూడియోలన్నీ మాండరిన్‌లో తీసేవి. వీధిలో మాట్లాడే కాంటోనీస్‌లో సినిమా రావడం దాదాపు ఆగిపోయింది. 1973లో చోర్ యువాన్ తీసిన ‘ది హౌస్ ఆఫ్ 72 టెనెంట్స్’ ఆ ఏడు అక్కడ బ్రూస్ లీ ‘ఎంటర్ ది డ్రాగన్’ను మించి వసూలు చెయ్యడంతో నిర్మాతలకు తెలివి వచ్చింది. ఇది చిన్న విషయం కాదు. ముఠా బతికేదే యాసలో. టీ కొట్టు దగ్గర బేరం, బెదిరింపు, బూతు, వరస పెట్టి పిలవడం, ఇవన్నీ మాండరిన్‌లో పలికిస్తే బొమ్మలు మాట్లాడినట్టే ఉండేది. (బ్రూస్ లీ ప్రస్తావన ఎలాగూ వచ్చింది కాబట్టి: ‘శివ’ కథకు మూలం బ్రూస్ లీ ‘రిటర్న్ ఆఫ్ ది డ్రాగన్’ అనీ, అందులోని హోటల్‌ను తాను కాలేజీగా మార్చాననీ రామ్‌గోపాల్ వర్మే చెప్పుకున్నాడు. మన తెర మీది రౌడీయిజం వేళ్ళలో ఒకటి హాంకాంగ్ దాకా పోతుంది.)

1976లో ‘జంపింగ్ యాష్’, 1981లో ‘ది క్లబ్’, 1984లో ‘లాంగ్ ఆర్మ్ ఆఫ్ ది లా’. కెమెరా స్టూడియో గోడలు దాటి నిజం వీధుల్లోకి, నియాన్ దీపాల కిందికి వచ్చింది. 1986లో జాన్ వూ ‘ఎ బెటర్ టుమారో’ అన్నిటినీ తలకిందులు చేసింది. దాని మూలం 1967లో లుంగ్ కాంగ్ తీసిన ‘స్టోరీ ఆఫ్ ఎ డిశ్చార్జ్‌డ్ ప్రిజనర్’. జైలు నుంచి వచ్చినవాణ్ణి మంచిగా బతకనివ్వని సమాజం గురించి ఆవేదనతో తీసిన సినిమా అది. వూ ఆ కథలోకి వేరే నెత్తురు ఎక్కించాడు. ఆయన కత్తియుద్ధాల సినిమాలకు పేరుపడ్డ చాంగ్ చే దగ్గర సహాయ దర్శకుడిగా పనిచేసినవాడు. టి లుంగ్ ఆ సినిమాల కథానాయకుడు. ఆ వీరుడికి కోటు తొడిగి, కత్తి బదులు తుపాకి ఇచ్చి, పక్కన చౌ యున్-ఫట్‌ను నిలబెట్టాడు వూ. స్నేహితుడి కోసం చావడమే పరమార్థం అనే పాత ధర్మం నేరగాళ్ళ నోట మళ్ళీ పలికింది. జనం ఊగిపోయారు. ఆ సినిమా అందం కాదనలేను. అయితే ట్రయాడ్లు తమ గురించి తాము చెప్పుకునే పురాణాన్ని అంత అందంగా వాళ్ళు కూడా ఎన్నడూ చెప్పుకోలేదు.

తెర మీద త్యాగం పండుతుంటే తెర వెనక ఏం జరుగుతోందో పరిశ్రమలో అందరికీ తెలుసు. హీరోల కాల్షీట్ల కోసం ముఠాలు బెదిరించేవి. 1992 జనవరిలో ఒక కొత్త సంవత్సరం సినిమా నెగటివ్ దొంగిలించారు. నటులూ దర్శకులూ రోడ్డెక్కి ఊరేగింపు తీశారు. అదే ఏప్రిల్‌లో ఒక నిర్మాతను కాల్చి చంపారు. అన్నదమ్ముల అనుబంధం గురించి సినిమా తీసే పరిశ్రమే, ఆ అన్నదమ్ములకు భయపడి బతికిన రోజులవి. అయినా 1996లో కామిక్ పుస్తకం ఆధారంగా ఆండ్రూ లౌ తీసిన ‘యంగ్ అండ్ డేంజరస్’ ఆ కలను కుర్రకారుకు మళ్ళీ అమ్మింది. పొడుగు జుట్టు, ఒంటి నిండా పచ్చబొట్లు, ప్రాణానికి ప్రాణమిచ్చే జట్టు. ఒక్క ఏడాదిలో మూడు భాగాలు వచ్చాయి. పిల్లలు చెడిపోతున్నారని పెద్దలు మొత్తుకున్నారు. 2002లో వచ్చిన ‘ఇన్‌ఫెర్నల్ అఫైర్స్’ దారి వేరు. అది పోలీసు, దొంగ ఒకరి వేషం ఒకరు వేసుకున్న కథ. దాన్నే స్కోర్సెసీ ‘ది డిపార్టెడ్’గా తీసి ఆస్కార్ అందుకున్నాడు.

జానీ టో వచ్చింది ఈ వరసలోనే. పుట్టింది 1955లో. పెరిగింది ముఠాలకు పేరుపడ్డ కౌలూన్ వాల్డ్ సిటీ పరిసరాల్లో. టీవీబీ అనే టీవీ సంస్థలో పని నేర్చుకుని, 1996లో వాయ్ కా-ఫైతో కలిసి మిల్కీవే ఇమేజ్ సంస్థ పెట్టాడు. ‘ఎలక్షన్’ కథ మూడు ముక్కల్లో చెప్పవచ్చు. వో లిన్ షింగ్ అనే ముఠాకు రెండేళ్ళకోసారి ఛైర్మన్ ఎన్నిక. పోటీలో ఇద్దరు: నిదానస్తుడు లోక్, దుడుకువాడు బిగ్ డి. గెలిచినవాడి చేతికి డ్రాగన్ తల చెక్కిన కర్ర రావాలి, ఓడినవాడు దాన్ని రానివ్వడు. కొన్ని నిజమైన ముఠాల్లో ఛైర్మన్‌ను ఎన్నుకునే పద్ధతి ఉంది కాబట్టి ఇది గాల్లోంచి పట్టుకొచ్చిన కథ కాదు.

ఓట్లు వేసేది ముసలి పెద్దలు. ఇరుకు గదిలో కూర్చుని టీ పోసుకుంటూ, ఎవరి దగ్గర ఎంత తిన్నామో మనసులో లెక్క వేసుకుంటూ మాట్లాడతారు. వాళ్ళలో చివరి మాట అంకుల్ టెంగ్‌ది. ఆ పాత్ర వేసిన వాంగ్ టిన్-లామ్ నటుడిగా కన్నా దర్శకుడిగా పెద్ద పేరు: 1960 నాటి ‘ది వైల్డ్, వైల్డ్ రోజ్’ ఆయనదే. టీవీబీలో జానీ టోకు గురువు. తనకు పని నేర్పిన పెద్దమనిషిని తెచ్చి, అధికారం ఎవరికి దక్కాలో తేల్చే కుర్చీలో కూర్చోబెట్టాడు శిష్యుడు. రెండో భాగంలో అదే పెద్దమనిషిని మెట్ల మీంచి తోసి చంపిస్తాడు.

సినిమా మొత్తంలో ఒక్క తుపాకి కూడా పేలదు. గమనించండి, జాన్ వూ పుట్టిన ఊళ్ళో కాదు గానీ జాన్ వూను తయారుచేసిన ఊళ్ళో తీసిన ముఠా సినిమా ఇది. కత్తులు, దుంగలు, రాళ్ళు. మాట వినని పెద్దలను చెక్కపెట్టెల్లో పెట్టి కొండ మీంచి దొర్లిస్తాడు బిగ్ డి. పైకి ఎక్కించి మళ్ళీ దొర్లిస్తాడు. ఒక కుర్రాడు తన తెగువ చూపడానికి పింగాణీ చెంచా ముక్కలను నమిలి మింగుతాడు. పోలీసులు కూడా ముఠాను రూపుమాపాలని చూడరు. వీధిలో గొడవ జరగకుండా ఎవరో ఒకరు కుర్చీలో కూర్చుంటే వాళ్ళకు చాలు.

చివరికి ఇద్దరికీ రాజీ కుదురుతుంది. అగరొత్తులు, పాత మంత్రాలు, సన్యాసుల కథ, అన్నీ పద్ధతి ప్రకారం జరిపి అన్నదమ్ములమని ప్రమాణం చేస్తారు. ఆ తంతును దర్శకుడు ఎక్కడా వెటకారం చెయ్యలేదు, తొందరపడలేదు. రెండున్నర శతాబ్దాల నాటి దిక్కులేని మనుషుల గొంతు ఒక్క క్షణం అందులో నిజంగానే వినిపిస్తుంది. తర్వాత ఒకరోజు కుటుంబాలతో చేపలు పట్టడానికి వెళ్తారు. ఇద్దరం కలిసి ఛైర్మన్లుగా ఉంటే పోలేదా అని అడుగుతాడు బిగ్ డి, కల్మషం లేకుండా. దానిదేముంది అంటాడు లోక్. కాసేపటికి వెనక నుంచి రాయి ఎత్తి తల మీద వేస్తాడు. మళ్ళీ మళ్ళీ వేస్తాడు. చేసింది తన కొడుకు కళ్ళబడుతుంది.

ముఠా తంతులను అంత వివరంగా చూపినందుకూ, హింసకూ హాంకాంగ్‌లో పెద్దలకు మాత్రమే అనే మూడో కేటగిరీ ఇచ్చారు. కాన్స్ చిత్రోత్సవం పోటీ విభాగంలో ఆడింది. 2006 హాంకాంగ్ ఫిల్మ్ అవార్డుల్లో ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడు, బిగ్ డి వేసిన టోనీ లెయుంగ్ కా-ఫైకి ఉత్తమ నటుడు. అవార్డులకన్నా పెద్ద సంగతి, అది విడుదలైన సమయం. 2005 మార్చిలో హాంకాంగ్ పాలకుడు టుంగ్ చీ-హ్వా మధ్యలోనే రాజీనామా చేశాడు. కొత్త పాలకుణ్ణి తేల్చింది 800 మంది కమిటీ. గుప్పెడుమంది పెద్దలు గదిలో కూర్చుని నాయకుణ్ణి నిర్ణయించే సినిమా అదే అక్టోబర్‌లో థియేటర్లకు వచ్చింది. జనానికి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది.

2006లో వచ్చిన రెండో భాగంలో ఆ ముసుగు కూడా లేదు. జిమ్మీ అనే కుర్రాడికి ముఠా అక్కర్లేదు, చైనాలో వ్యాపారం కావాలి. వ్యాపారం కావాలంటే ఛైర్మన్ అవ్వాలంటాడు అక్కడి భద్రతాధికారి. జిమ్మీ చెయ్యరాని పనులన్నీ చేసి గెలుస్తాడు. ఇక రెండేళ్ళకోసారి ఎన్నికలెందుకు, నువ్వే ఉండు, నీ తర్వాత నీ పిల్లలు ఉంటారు అంటాడు అధికారి. 1993లో చైనా భద్రతా మంత్రి టావో సిజు, ట్రయాడ్లలోనూ దేశభక్తులు ఉన్నారని బాహాటంగా అన్న సంగతి హాంకాంగ్ మరిచిపోలేదు. ఆ మాటకు పదమూడేళ్ళ తర్వాత సినిమా ఇచ్చిన జవాబు ఇది.

అలాంటి జవాబులకు తర్వాత చోటు తగ్గింది. 2021లో హాంకాంగ్ సెన్సార్ చట్టాన్ని సవరించి, ఇదివరకు అనుమతి పొందిన సినిమాలను సైతం దేశ భద్రత పేరుతో ఆపేసే అధికారం ప్రభుత్వానికి ఇచ్చారు. 2024లో సోయ్ చియాంగ్ తీసిన ‘ట్వైలైట్ ఆఫ్ ది వారియర్స్: వాల్డ్ ఇన్’ అక్కడ వసూళ్ళ వర్షం కురిపించింది. దాని కథాకాలం 1980లు. ఎప్పుడో కూలగొట్టిన కౌలూన్ వాల్డ్ సిటీని మళ్ళీ సెట్ వేసి కట్టారు. అన్నదమ్ముల అనుబంధం అందులో మళ్ళీ నిండుగా, ఆప్యాయంగా తిరిగొచ్చింది. ‘ఎలక్షన్’ మూడో భాగం మాత్రం రాలేదు.