కోళ్ళ మేత నేర్పిన పాఠాలు

తెలుగునాట కోడి లేని ఊరు లేదు. తొలికోడి కూత మొదలు సంక్రాంతి బరి వరకు మన జీవితంలో దానికి చోటున్నది. పల్నాటి యుద్ధానికి కోడిపందెం కారణమైనదని వీరగాథ చెబుతున్నది. డేగ, కాకి, నెమలి, పర్ల అని పుంజులకు పేర్లు పెట్టి, ఏ పుంజు ఏ వేళ గెలుచునో చెప్పే కుక్కుటశాస్త్రాన్ని కూడ మనవారు కూర్చుకొన్నారు. అయితే పుంజుకు దక్కిన చరిత్ర పెట్టకు దక్కలేదు. పెరటిలో గింజలేరుకొని, గంపలో గుడ్లు పెట్టి, ఇల్లాలి చేతి ఖర్చుకు నాలుగు డబ్బులు సమకూర్చిన పెట్టను గురించి వ్రాసినవారు అరుదు. ఆ పెట్టకు మనం వేసిన మేత ఏమిటన్న ప్రశ్న మరీ చిన్నదిగా తోచవచ్చును. కాని ఆ ప్రశ్నకు లభించిన సమాధానం వైద్యశాస్త్రాన్నే ఒక మలుపు తిప్పినది. కృష్ణా డెల్టాకు ఆ కథతో దగ్గరి సంబంధమున్నది.

కోడికి మూలం ఆగ్నేయాసియాలోని ఎర్ర అడవికోడి. థాయిలాండులో బాన్ నాన్ వాట్ అనేచోట తవ్వకాలలో దొరికిన ఎముకలే, క్రీస్తుపూర్వం 1650కి 1250కి నడుమ, కోడి మచ్చికైన తొలి గుర్తులని 2022లో వెలువడిన పరిశోధనలు చెబుతున్నవి. వరి, చిరుధాన్యాలు పండించే ఊళ్ళకు అడవికోళ్ళు గింజల కోసం చేరువై, క్రమంగా ఇంటి పక్షులైనవట. అనగా కోడికి వరిచేనికి ఉన్న చుట్టరికం ఈనాటిది కాదు.

ఆ చుట్టరికం మన ప్రాంతంలో బలపడినది ఆనకట్ట తరువాత. బెజవాడ వద్ద కృష్ణకు అడ్డంగా 1852లో ప్రారంభమైన ఆనకట్ట కెప్టెన్ చార్లెస్ ఆర్ పర్యవేక్షణలో 1855లో పూర్తయినది. కాలువలు పారినవి, మెట్టపైరులున్న చోట వరి పరచుకొన్నది. ఇంటింటా రోళ్ళలో వడ్లు దంచేవారు. బియ్యం కుండలోకి, నూకలు పిల్లలకోళ్ళకు, తవుడు పశువులకు, పెట్టలకు పోయేవి. దంపుడు బియ్యానికి పైపొర కొంత మిగిలే ఉండేది గనుక మనిషికీ కోడికీ తవుడు పంచినట్లయ్యేది. ఇరవయ్యవ శతాబ్దంలో మరబియ్యం వచ్చి ఈ పంపకాన్ని మార్చివేసినది. మల్లెపూవు వంటి తెల్లని అన్నం మనిషికి, తవుడంతా పశువుకు, పక్షికి!

అన్నమే ఆధారంగా బ్రతికే తీరప్రాంతాలలో బెరిబెరి అనే వ్యాధి ఉండేది. కాళ్ళు తిమ్మిరెక్కి, పట్టు తప్పి, కొందరికి ఒళ్ళు ఉబ్బి, గుండె బలహీనపడి ప్రాణం పోయేది. మద్రాసు సైన్యంలో వైద్యుడైన మాల్కమ్‌సన్ 1835లో ప్రకటించిన గ్రంథంలో ఉత్తర సర్కారులను ఈ వ్యాధికి నెలవుగా పేర్కొన్నాడు. చెడుగాలి వల్ల అని కొందరు, విషం వల్ల అని కొందరు, సూక్ష్మక్రిముల వల్ల అని కొందరు తలచినారు. అసలు కారణాన్ని పట్టి ఇచ్చినవి కోళ్ళు.

జావా ద్వీపంలోని బటేవియా నగరంలో, అనగా నేటి జకార్తాలో, డచ్చి వైద్యుడు క్రిస్టియాన్ ఐక్‌మన్ 1880 దశకం చివర ఈ వ్యాధి క్రిమిని వెదకుతూ కోళ్ళను పెంచేవాడు. ఆ కోళ్ళకు కాళ్ళు చచ్చుబడి, అచ్చముగా బెరిబెరి లక్షణాలే కనిపించినవి. కొన్నాళ్ళకు మందేమీ లేకుండానే అవి కోలుకొన్నవి. విచారించగా తేలినదేమనగా, సైనిక వైద్యశాల వంటశాలలో మిగిలిన తెల్లబియ్యపు అన్నం కొంతకాలం వాటికి మేతగా వచ్చినది. తరువాత వచ్చిన వంటవాడు, సైనికుల అన్నం కోళ్ళకెందుకని దానిని ఆపివేసినాడు. ముడిబియ్యం మళ్ళీ తిన్న కోళ్ళు లేచి తిరిగినవి! తవుడు కలిపి పెట్టినా అదే ఫలితం. జావా చెరసాలలు సుమారు నూరింటిని పరిశీలించగా, తెల్లబియ్యం పెట్టినచోటనే బెరిబెరి ప్రబలినదని రుజువైనది. బియ్యంలో విషమున్నదని, తవుడు దానికి విరుగుడని ఐక్‌మన్ మొదట భావించినాడు. విషం కాదు, తవుడుతోపాటు పోయిన ఒక పోషకం కొరతే కారణమని అతని తరువాత పనిచేసిన ఖ్రెయిన్స్ 1901లో వివరించినాడు. తవుడు నుంచి 1926లో వేరుచేసిన ఆ పదార్థమే నేటి బి1 విటమిను. ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ బహుమానం లభించినది.

మన రాష్ట్రానికి ఈ పాఠం కూనూరు మీదుగా వచ్చినది. అక్కడి పోషకాహార పరిశోధనశాలకు 1935 నుంచి అధిపతిగా ఉన్న ఏక్రాయిడ్, ఆయన సహచరులు మద్రాసు రాజధానిలో బెరిబెరి ఎక్కడ ఉన్నదో పరిశీలించినారు. తమిళ జిల్లాలలో ఉప్పుడు బియ్యం తినేవారికి అది రాలేదు. వడ్లు ఉడికేటప్పుడు విటమిను గింజ లోపలికి ఇంకి, మరలో ఆడించినా కొంత నిలిచి ఉంటుంది. పచ్చిబియ్యం మరాడించుకొనే ఉత్తర సర్కారులలోనే వ్యాధి కనిపించినది. చూడండి, ఎంత విచిత్రమో! ధాన్యాగారమని పేరుపొందిన తీరంలో మనుషులకు కరవైన పదార్థం, అదే ఇంటి పెరటిలో కోళ్ళ మూకుడులో నిండుగా ఉన్నది.

కోడిపిల్ల చేసిన ఉపకారం అక్కడితో ఆగలేదు. కొన్ని మేతలపై పెరిగిన పిల్లలకు రక్తం తగ్గిపోవడాన్ని 1940లో అమెరికా శాస్త్రజ్ఞులు గమనించినారు. ఆ లోటును తీర్చే ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసిన లెడర్లీ పరిశోధకబృందానికి నాయకుడు, 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. గర్భిణులకు ఇచ్చే మాత్రలలో నేడు ఈ ఆమ్లం తప్పనిసరి.

ఇక టర్కీకోడి కథ. ఇది అమెరికాఖండపు పక్షి. మెక్సికో నుంచి స్పెయినువారు ఐరోపాకు తెచ్చినారు. 1612లో ముకర్రబ్‌ఖాన్ గోవా నుంచి తెచ్చిన టర్కీని చూచి జహంగీరు చక్రవర్తి అబ్బురపడి, తన స్మృతులలో వర్ణించి, మన్సూరు చేత చిత్రం వ్రాయించినాడు. అట్టి రాజవిలాసపు పక్షి 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా హఠాత్తుగా చచ్చిపోయినది. ఏ క్రిమీ దొరకలేదు. చివరకు బ్రెజిలు నుంచి వచ్చిన వేరుశనగ పిండిలో దోషమున్నదని, ఆ పిండికి పట్టిన బూజు ఆఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టించినదని తేలినది. ఆ విషం కాలేయాన్ని చెరచుతుంది. వంట వేడికి పూర్తిగా నశించదు. ఇది పక్షులకు మాత్రమే వచ్చిన ముప్పు కాదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గ్రామాలలో అకాలవర్షానికి తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా మరణించినారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు ఆ కారణాన్ని నిర్ధారించినారు.

తుపానులకు ధాన్యం తడవడం డెల్టాలో అలవాటైన ఆపద. తడిసినది, ముక్కినది, బూజు పట్టినది ఏదైనా "కోళ్ళకు వేద్దాం" అనుకోవడం కూడ అలవాటే. ఈ రెండవ అలవాటును మానుకోవలెనని శ్రోతలకు మా మనవి. పక్షి కడుపు చెత్తకుండీ కాదు. బూజు మేత వేస్తే గుడ్లు తగ్గుతాయి, తెగుళ్ళకు తట్టుకొనే బలం పోతుంది. పాడిపశువుకు పెడితే విషం పాలలోకీ దిగుతుంది. తవుడు కూడ తాజాగా ఉండగానే వాడవలెను. నిలవైతే అందలి నూనె చెడి కారువాసన కొడుతుంది.

కట్టివేసి పెంచే గుడ్ల పెట్టకు రోజుకు 110 గ్రాముల నుంచి 120 గ్రాముల మేత కావలెను. నూకలు, మొక్కజొన్న బలమిస్తవి. వేరుశనగ పిండి, ఉప్పులేని ఎండుచేపల పొడి మాంసకృత్తులనిస్తవి. తవుడు కొంత, ఆకుకూర కొంత చేర్చవలెను. ఒక గుడ్డు పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది గనుక నత్తగుల్లల పొడి విడిగా ఒక మూకుడులో ఉంచితే పెట్ట తనకు కావలసినంత తానే తింటుంది. కోడిగుడ్డు 21 రోజులకు, టర్కీగుడ్డు 28 రోజులకు పిల్లవుతుంది. టర్కీపిల్లకు కోడిపిల్లకన్న మాంసకృత్తులు ఎక్కువ కావలెను; మొదటి రోజులలో మేత తినడం నేర్పవలసి ఉంటుంది కూడ. రెంటినీ ఒకే దొడ్డిలో పెంచరాదు. కోళ్ళ పేగులలోని పురుగు గుడ్లతో వ్యాపించే ఒక సూక్ష్మజీవి కోళ్ళకు అంతగా హాని చేయదు గాని టర్కీల కాలేయాన్ని దెబ్బతీస్తుంది. 1927లో కుమావూఁ కొండలలోని రాణిఖేత్‌లో మన దేశంలో మొదట గుర్తింపబడిన కొక్కెర తెగులుకు నేటికీ మందు లేదు; పశువైద్యశాలలో సకాలంలో వేయించే టీకాయే రక్ష.

2022-23 లెక్కల ప్రకారం దేశంలోని గుడ్లలో అయిదవ వంతు ఆంధ్రప్రదేశ్‌లో ఉత్పత్తి అయినవి. వాటిలో అధికభాగం పెద్ద ఫారాలవే. అక్కడ మేతను తూచి, పరీక్షించి వేసే ఏర్పాటు ఉంటుంది. పెరటిలో అయిదారు పెట్టలున్న ఇంట ఆ పరీక్షాధికారి ఇల్లాలే. చేటలోని గింజను ఒకసారి వెలుతురులో చూచి, వాసన చూచి వేయడం ఖర్చులేని పని. ఆ చేటలో మంచిదని తేలిన గింజలోనూ, తవుడులోనూ కొంత మన కుండలోకి కూడ చేరవలసినదేనని ఆ జావా కోళ్ళు ఏనాడో చెప్పినవి.