ప్రతి తీయడం పాపమా?

1998లో ఒక చిన్న పట్టణంలో, మా సాహిత్య సంఘం బులెటిన్‌ను డి.టి.పి. చేయించడానికి వెళ్ళినప్పుడు, అక్కడ కంపోజింగు చేసే యువకుడు నన్నొక ప్రశ్న అడిగాడు. అతను క్రైస్తవుడు. పగలు మాబోటి వాళ్ళ పని చేసేవాడు, రాత్రిళ్ళు తన సంఘం కరపత్రాలు కూర్చేవాడు. "మాస్టారూ, ఈ సాఫ్టువేరు కొన్నది కాదు, కాపీ. దీంతోనే వాక్యం అచ్చుకు సిద్ధం చేస్తున్నాను. ఇది పాపమే అంటారా?" అన్నాడు. దేవుణ్ణి నమ్మని నేను, "బహుళజాతి కంపెనీలను దోచితే పాపమేమిటయ్యా" అని నవ్వేశాను. అతను నవ్వలేదు. ఆ ప్రశ్నకు నేనిచ్చింది జవాబు కాదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. విశ్వాసి అడిగిన ప్రశ్నను అతని విశ్వాస చరిత్రలోనే పెట్టి చూడాలి.

పది ఆజ్ఞల్లో దొంగతనాన్ని నిషేధించే ఆజ్ఞ ఒకటి. కేథలిక్కులు, లూథరన్లు దాన్ని ఏడవదిగా, మిగిలిన ప్రొటెస్టెంట్లలో ఎక్కువమంది ఎనిమిదవదిగా లెక్కిస్తారు. పశువులూ పొలాలూ ఆస్తిగా ఉన్న సమాజంలో పుట్టిన ఆజ్ఞ అది. ఎద్దును తోలుకుపోతే కొట్టం ఖాళీ అవుతుంది. సాఫ్టువేరుకు ప్రతి తీస్తే అసలు ఉన్నచోటనే ఉంటుంది. అయినా ఇది దొంగతనమేనని నేడు చాలామంది బోధకులు చెబుతారు. పనివాడికి ప్రతిఫలం దక్కాలన్నది ఒక కారణం. పై అధికారులకు లోబడమనే రోమా పత్రిక 13వ అధ్యాయం మరో కారణం. ఈ వాదాన్ని తేలిగ్గా తీసెయ్యకూడదు. కాని క్రైస్తవం అన్ని కాలాల్లోనూ ఈ ఒక్క మాటే చెప్పిందనుకోవడం మాత్రం చరిత్రకు విరుద్ధం.

ఆరవ శతాబ్దపు ఐర్లండు గురించి ఒక కథ ఉంది. కొలంబా అనే సన్యాసి తన గురువు ఫినియన్ దగ్గరున్న కీర్తనల గ్రంథానికి రహస్యంగా ప్రతి రాసుకున్నాడట. ఆ ప్రతి తనదేనన్నాడు గురువు. ఆవుదే దూడ అయినట్టు గ్రంథానిదే ప్రతి కూడా అని డియర్మిడ్ రాజు తీర్పు చెప్పాడట. ఆ తగాదా యుద్ధానికి దారితీసిందని కూడా చెబుతారు. కథలో నిజమెంతైనా, ఇద్దరి స్థానాలు గమనించదగ్గవి. ప్రతి తీసినవాణ్ణి చర్చి తర్వాత పునీతుడిగా కొలిచింది. ప్రతి మీద హక్కును స్థాపించడానికి రాజు తెచ్చుకున్న పోలిక మాత్రం పశుసంపద నుంచి వచ్చింది.

మధ్యయుగంలో చర్చి న్యాయవేత్తల ముందు ఇదే సమస్య మరో రూపంలో నిలిచింది. జ్ఞానం దేవుడిచ్చిన వరం కాబట్టి దాన్ని అమ్మరాదన్నది వారి సూత్రం. మరి ఉపాధ్యాయుడు ఫీజు ఎలా పుచ్చుకుంటాడు? అతను పుచ్చుకునేది జ్ఞానానికి వెల కాదు, తన శ్రమకు ప్రతిఫలం అని కొందరు సమాధానపడ్డారు. జ్ఞానాన్నీ శ్రమనూ విడదీసిన ఈ గీత చాలా విలువైనది.

అచ్చుయంత్రం వచ్చాక ఈ గీత చెరిగిపోసాగింది. తన రచనలకు డబ్బు పుచ్చుకోని మార్టిన్ లూథరే 1525లో, ఇంకా పూర్తికాని తన రాతప్రతిలో కొంత దొంగిలించి వేరే ఊళ్ళో అచ్చువేసిన ముద్రాపకుల మీద మండిపడ్డాడు. వాళ్ళను దారిదోపిడీగాళ్ళతో పోల్చాడు. పాఠం తప్పులతడక కావడం, విట్టెన్‌బర్గ్ ముద్రాపకులు నష్టపోవడం ఆయన ఫిర్యాదు. ఆయన తన ఆస్తిహక్కు కోసం అడగలేదు.

ఆ హక్కుకు చట్టరూపం ఇచ్చింది 1710 నాటి ఇంగ్లండు శాసనం. దాని ప్రకారం కొత్త పుస్తకాలకు రక్షణ 14 ఏళ్ళు, రచయిత బతికుంటే మరో 14 ఏళ్ళు. ఇవాళ మన దేశంలో రచయిత పోయాక కూడా 60 ఏళ్ళు. 1957 చట్టాన్ని 1984లో సవరించి కంప్యూటర్ ప్రోగ్రాములను సాహిత్యంలో చేర్చారు. దొంగ ప్రతి అని తెలిసి వాడితే కనీసం ఏడు రోజుల జైలు అనే సెక్షను 1994 సవరణతో వచ్చింది. వ్యాపారం కోసం వాడనివారికి జైలు లేకుండా వదిలే వీలుంది కాని, కూలికి కంపోజింగు చేసేవాడికి ఆ వీలు లేదు. అదే చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగి రాసిన ప్రోగ్రాముకు తొలి యజమాని అతను పనిచేసే కంపెనీయే. అంటే, శ్రమ పేరుతో అడిగే హక్కు శ్రమించినవాడి చేతిలో లేదన్నమాట.

అలాగని నా 1998 నాటి నవ్వు సరైనదవుతుందా? కాదు. ప్రాణావసరంలో ఉన్నవాడు ఇతరుల సొత్తు తీసుకుంటే అది దొంగతనం కాదని 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ వాదించాడు. ఆయన ఉద్దేశించింది ఆకలిని. మా బులెటిన్ ఆకలి కాదు. మరో సంగతి నాకు ఆనాడు తట్టనే లేదు. పుటలు కూర్చే సాఫ్టువేరుతోపాటు తెలుగు అక్షరాల ఫాంటు కూడా కాపీయే. ఆ ఒత్తులూ గుడులూ ఎవరో మనవాడు నెలల తరబడి కూర్చుని గీసినవి. పొలం కోసినవాడికి ఎగ్గొట్టిన కూలి మొరపెడుతుందని యాకోబు పత్రిక 5వ అధ్యాయం చెబుతుంది. శ్రమ గురించి ఇన్ని వ్యాసాలు రాసిన మేము, మా వ్యాసాలకు అక్షరాలిచ్చిన వాడి కూలి గురించి అడగలేదు. అడిగినవాడు ఆ కంపోజిటరే.

ప్రోగ్రాములను నలుగురూ వాడుకోవాలి, మార్చుకోవాలి, పంచుకోవాలి అన్న ఉద్యమాన్ని 1983లో రిచర్డ్ స్టాల్మన్ ప్రారంభించాడు. ఇవాళ తెలుగులో యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. పాపమూ జైలూ రెండూ లేని దారి అది. దాన్ని కూడా శ్రమజీవులే వేశారు.

ఆ యువకుడు ఇవాళ కనిపిస్తే ఇలా చెబుతాను: "పాపమో కాదో తేల్చవలసింది నీ విశ్వాసం. నేను చెప్పగలిగింది ఒక్కటే. జ్ఞానానికి కంచె కట్టడం తప్పు, శ్రమకు కూలి ఎగ్గొట్టడం తప్పు. మొదటి తప్పు కంపెనీది. రెండో తప్పులో నాకూ వాటా ఉంది."