ఎర్రమూత సూది

కాళేశ్వరం గుళ్ళో ఒకే పానవట్టం మీద రెండు లింగాలుంటాయి. ఒకటి కాళేశ్వరుడు, అంటే యముడు. రెండోది ముక్తేశ్వరుడు, అంటే శివుడు. ముక్తేశ్వరుణ్ణి మొక్కినవాళ్ళంతా నేరుగా మోక్షానికి పోతుంటే యముడికి పని లేకుండా పోయిందట. ఆయన మొరపెట్టుకుంటే శివుడు తన పక్కనే చోటిచ్చి, ముందు నిన్ను మొక్కినంకనే నన్ను మొక్కాలని కట్టడి చేశాడట. గుళ్ళో ఇప్పటికీ క్రమం అదే.

మా మేనత్తది ఆ పక్క ఊరే. షుగరొచ్చి చాలా ఏళ్ళు. గోళీలు పనిచెయ్యడం మానేశాక ఇన్సులిన్ రాశారు. "పొద్దుగాల ముందు కాలున్ని మొక్కుత, తర్వాతనే చాయ" అనేది సూది చూపిస్తూ. 2015 జులైలో గోదావరి పుష్కరాలు. ఇంటినిండా చుట్టాలు. సిరంజీలు అయిపోయాయని ఫోన్ చేస్తే హన్మకొండ నుంచి వస్తూ నేనో డబ్బా కొనుక్కెళ్ళాను. దాని సంగతి తర్వాత.

ఇన్సులిన్ కథ ఎవరు చెప్పినా టొరంటోతో మొదలుపెడతారు. 1922 జనవరి 11న లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ళ పిల్లాడికి మొదటి సూది పడింది. అప్పటికి వాడి బరువు ముప్పై కిలోలు కూడా ఉండదు. ఆ రోజుల్లో ఈ జబ్బుకు దొరికే వైద్యమల్లా కడుపు మాడ్చడం. చక్కెర కాకపోతే ఆకలి, ఏదో ఒకటి పిల్లల్ని చంపేది. మొదటి సూది పెద్దగా పనిచెయ్యలేదు, పైగా పొడిచినచోట చీము పట్టింది. కాలిప్ అనే రసాయనశాస్త్రవేత్త మందును శుద్ధిచేసి ఇచ్చాక, జనవరి 23న మళ్ళీ మొదలుపెడితే పిల్లాడు కోలుకున్నాడు. సరిగ్గా ఏడాదికి పేటెంటు హక్కుల్ని ఒక్కొక్కరు ఒక్క డాలరుకు యూనివర్సిటీకి రాసిచ్చేశారు. అదే ఏడాది బాంటింగ్‌కి, మాక్లియాడ్‌కి నోబెల్. కథ సాధారణంగా ఇక్కడితో ముగుస్తుంది, అందరూ చప్పట్లు కొడతారు.

థాంప్సన్ ఆ తర్వాత పదమూడేళ్ళు బతికాడు. పదమూడేళ్ళంటే ఎన్ని వేల పోట్లో లెక్కేసుకోండి. గాజు సిరంజీ ప్రతిసారీ మరగబెట్టాలి. సూది మొద్దుబారితే రాయి మీద నూరుకోవాలి. ఒంట్లో చక్కెర ఎంతుందో ఇంట్లో చూసుకునే మిషన్లు రావడానికి ఇంకా నలభై ఏళ్ళ పైనే ఉంది. అప్పటిదాకా మూత్రాన్ని బెనెడిక్ట్ ద్రావణంలో కలిపి వేడిచేసి రంగు చూసుకోవడమే. నీలమైతే హాయి, ఇటుక ఎరుపైతే గుండె గుభేలు. 1936లో హాగడోర్న్ నెమ్మదిగా పనిచేసే ఇన్సులిన్ తెచ్చేదాకా రోజుకి ఎన్నోసార్లు పొడుచుకోవాల్సిందే. ఈ రోజువారీ పనంతా చేసిన చేతుల పేర్లు ఏ చరిత్రలోనూ లేవు.

బోస్టన్‌లో ఎలియట్ జాస్లిన్ అని పెద్ద డాక్టరుండేవాడు. ఆయన దృష్టిలో షుగరు రోగి ఒక సారథి. తిండి, ఇన్సులిన్, వ్యాయామం అనే మూడు గుర్రాల్ని అదుపులో పెట్టి రథం తోలాలి. ఏళ్ళ తరబడి బాగా తోలినవాళ్ళకి ఆయన పతకాలు కూడా ఇచ్చేవాడు. ఆయన మీద నాకు గౌరవమే, కానీ ఈ బొమ్మలో ఒక మెలిక ఉంది. రథం బోల్తాపడితే తప్పెవరిది? సారథిదే. దారి గురించి ఎవరూ అడగరు.

చక్కెరను గట్టిగా అదుపులో పెడితే నిజంగా లాభమా, అవస్థేనా అని డాక్టర్లు దశాబ్దాలపాటు కొట్లాడుకున్నారు. 1993లో తేలింది. అమెరికా, కెనడాల్లో 1,441 మంది టైప్ 1 రోగుల్ని సగటున ఆరున్నరేళ్ళు గమనిస్తే, గట్టి అదుపులో ఉన్నవాళ్ళకి కంటి జబ్బు మొదలయ్యే ముప్పు 76 శాతం తగ్గింది. కిడ్నీలకీ నరాలకీ కూడా మేలు కనబడింది. అంటే జాస్లిన్ చెప్పిందే నిజం. కాకపోతే గట్టి అదుపు గుంపులో ఉన్నవాళ్ళు నెలనెలా క్లినిక్‌కి వచ్చేవాళ్ళు. మధ్యలో నర్సులు ఫోన్లు చేసి డోసులు సరిచేసేవాళ్ళు. ఇంతా చేసి, చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం వాళ్ళలో మూడింతలు. వీళ్ళెవరూ ఒంటరి సారథులు కారు.

మందు సరిగ్గా వాడటాన్ని వైద్యభాషలో మొదట 'కంప్లయెన్స్' అన్నారు, అంటే చెప్పినమాట వినడం. అది మరీ యజమాని గొంతులా ఉందని తర్వాత 'అడ్హియరెన్స్' చేశారు. మన దవాఖానల్లో ఇంత గొడవ లేదు. "ఈమె మాట వినదు" అంటారు, అయిపోయింది.

అత్తనూ అదే అన్నారు. పుష్కరాలైన మూడు నెలలకి హెచ్‌బీఏ1సీ చూస్తే బాగా పెరిగింది. కాలి వేలి మీద పుండు మానడం లేదు. డాక్టరు ఇరవై యూనిట్లను ముప్పై చేశాడు. లడ్డూ ప్రసాదం ఎన్ని తిన్నావని మేమంతా నిలదీశాం. అందరికంటే గట్టిగా అడిగింది నేనే. అత్త రాత్రిపూట అన్నం మానేసింది. అయినా చాటుగా తింటోందనే అనుకున్నాం. "ఒక్కనాడు తప్పలే బిడ్డా, దేవుని తోడు" అంటే నవ్వాను.

చివరికి పుండుకి కట్టు కడుతున్న నర్సు, సూది ఎట్లా వేసుకుంటావో చూపించమంది. అత్త సంచిలోంచి తీసింది. మూత నారింజరంగుది.

దీనికీ ఒక చరిత్రుంది. ఇన్సులిన్ యూనిట్ తూకం కాదు. మొదట్లో కుందేళ్ళకి మందెక్కించి, వాటి రక్తంలో చక్కెర ఎంత పడిపోతుందో చూసి లెక్క కట్టారు. తర్వాత సీసాలు రకరకాల గాఢతల్లో వచ్చాయి. ఆ గందరగోళం పోవాలని అమెరికా 1970లలో, బ్రిటన్ 1983లో మిల్లీలీటరుకి 100 యూనిట్లకు మారాయి. మన దగ్గర మందుల షాపుల్లో దొరికే సీసాలు ఇప్పటికీ ఎక్కువగా 40వే. వాటికి ఎర్రమూత సిరంజీ. 100 వాటికి నారింజమూత. నారింజమూత సిరంజీలో 20 గీత దాకా 40 మందు లాగితే ఒంట్లోకి పోయేది ఎనిమిది యూనిట్లే. ముప్పై చేసినా పన్నెండే. తిరగేసి చేస్తే ఇంకా ఘోరం. 100 మందుని ఎర్రమూత సిరంజీలో 20 గీత దాకా లాగితే యాభై యూనిట్లు పడతాయి, మనిషి లేవకపోవచ్చు. నర్సు వెంటనే డాక్టరుకి ఫోన్ చేసి, ఎర్రమూతతో మళ్ళీ ఇరవై దగ్గర మొదలుపెట్టించింది. అది చెప్పకుండా సిరంజీ ఒక్కటే మార్చి ఉంటే ముప్పై నిజంగానే ముప్పై అయ్యేది.

ఆ డబ్బా తెచ్చింది నేనే. సూది సన్నగా ఉంది, అత్తకి నొప్పి తెలియదు అనుకున్నాను. ఇరవై రోజుల్లో అయిపోవాల్సిన సీసా నెల దాటినా ఉంటే, మందు కలిసొస్తోందని సంబరపడ్డాం కూడా. అత్త మూడు నెలలు ఒక్క పూట తప్పకుండా, డాక్టరు రాసిచ్చినట్టే, సగానికి తక్కువ మందు వేసుకుంది.

ఇప్పుడు అత్తింట్లో ఫ్రిజ్ తలుపులో సీసా, పక్కన కరివేపాకు. ఎండాకాలం కరెంటు పోతే తడిగుడ్డ చుట్టిన మట్టికుండలోకి మారుస్తుంది. సీసా గడ్డకడితే పనికిరాదని ఫ్రీజర్ దగ్గరికి పోనివ్వదు. మందుల షాపు పిల్లాడు ప్యాకెట్ ఇస్తే ముందు చింపి మూత రంగు చూస్తుంది, తర్వాతే డబ్బులు.

నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదు. కాకపోతే ఆ తర్వాత నేనేం తీసుకెళ్ళినా, ఆవకాయ సీసా అయినా సరే, ఓసారి వెలుతురులోకి ఎత్తి మూత చూసి మరీ లోపలికి తీసుకెళ్తుంది.