మూడేళ్ళకి గ్రీకు, ఇరవయ్యేళ్ళకి దిగులు

ఇదివరకు మా టీమ్‌లో పనిచేసి ఇప్పుడు డల్లాస్‌లో ఉంటున్న ఒకాయన తన ఆరేళ్ళ కొడుకుని బడి మానిపించి ఇంట్లోనే చదివిద్దామనుకుంటున్నారు. ఆయన ఎంచుకున్నది క్లాసికల్ పద్ధతి. ముందు వ్యాకరణం, తర్వాత తర్కం, ఆ తర్వాత వక్తృత్వం. మధ్యయుగాల యూరప్‌లో ఈ మూడింటినీ ట్రివియమ్ అనేవాళ్ళు. అంకగణితం, రేఖాగణితం, సంగీతం, ఖగోళం కలిస్తే క్వాడ్రివియమ్. మొత్తం ఏడూ లిబరల్ ఆర్ట్స్, అంటే స్వతంత్రుడైన మనిషికి తగిన విద్యలు. 1947లో డొరొతీ సేయర్స్ ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన ఒక ప్రసంగం పట్టుకుని అమెరికాలో చాలామంది తల్లిదండ్రులు ఈ దారి పట్టారు. లాటిన్ పుస్తకాలతో సహా పెద్ద లిస్టు పంపించి "ఎలా ఉందోయ్?" అన్నారాయన.

నాకు వెంటనే జాన్ స్టూవర్ట్ మిల్ గుర్తొచ్చాడు.

1806లో లండన్‌లో పుట్టాడు. ఒక్కరోజు కూడా బడికి పోలేదు. తండ్రి జేమ్స్ మిల్లే గురువు. మూడో ఏట గ్రీకు మొదలు. కార్డుల మీద గ్రీకు మాటలు, వాటి అర్థాలు రాసి బట్టీ పట్టించాడు. ఎనిమిదో ఏటికి హెరొడోటస్ పూర్తి, ప్లేటో కొంత. అప్పుడు లాటిన్ మొదలైంది, దాంతోపాటే చెల్లెలికి లాటిన్ నేర్పే డ్యూటీ కూడా. పన్నెండో ఏట అరిస్టాటిల్ తర్కం, పదమూడో ఏట అర్థశాస్త్రం. సెలవుల్లేవు, పని అలవాటు తప్పిపోతుందని. తోటిపిల్లలతో ఆటల్లేవు, వాళ్ళ ఆలోచనలు అంటుకుంటాయని.

ఇది వింటే మన కార్పొరేట్ కాలేజీ హాస్టల్ గుర్తొస్తుంది కదూ? కానీ ఒక పెద్ద తేడా ఉంది. అప్పట్లో గ్రీకు నుంచి ఇంగ్లీషుకి నిఘంటువు లేదు. పిల్లాడు తండ్రి రాసుకునే బల్ల దగ్గరే కూర్చుని, తెలియని ప్రతి మాటకీ ఆయన్నే అడిగేవాడు. ఓపిక తక్కువ మనిషైనా ఆయన రాత ఆపి ప్రతిసారీ చెప్పేవాడు. పొద్దున్నే ఇద్దరూ నడకకి వెళ్ళేవాళ్ళు. నిన్న చదివింది చీటీల మీద రాసుకుని, అవి చూస్తూ దారిపొడుగునా తండ్రికి చెప్పాలి. తనంతట తాను ఆలోచించి చూసేదాకా జవాబు చెప్పేవాడు కాదట. రోజూ కోడ్ రివ్యూ అన్నమాట! తోటివాళ్ళకన్నా పాతికేళ్ళు ముందు బయల్దేరానని మిల్ తర్వాత రాసుకున్నాడు.

ఆ బల్ల మీద తండ్రి రాస్తున్నదేమిటో తెలుసా? భారతదేశ చరిత్ర. 1817 చివర్లో వచ్చింది. మూడేళ్ళ కొడుక్కి గ్రీకు మూలంలోనే చదవడం నేర్పినాయన, మన దేశం మొహం చూడకుండా, మన భాష ఒక్కటీ రాకుండా మన చరిత్ర రాసేశాడు. ఆ పుస్తకంతోనే ఈస్టిండియా కంపెనీలో ఉద్యోగం వచ్చింది. 1823లో కొడుకూ అక్కడే చేరాడు. తమాషా ఏంటంటే, 1835లో మెకాలే ఇంగ్లీషు చదువు వైపు తిప్పినప్పుడు, దాన్ని తప్పుపడుతూ 1836లో లండన్‌లో ఉత్తరం ముసాయిదా రాసింది ఈ కొడుకే. పైవాళ్ళు దాన్ని పక్కన పెట్టేశారు. ప్రశ్నించడం నేర్పిన చదువు వృథా పోలేదనే అనిపిస్తుంది నాకు.

మరి లోపం ఎక్కడుంది? 1826లో, ఇరవయ్యేళ్ళప్పుడు, మిల్ తనని తాను ఒకటి అడుగుకున్నాడు. నువ్వు కోరుకున్న సంస్కరణలన్నీ ఈ క్షణమే జరిగిపోతే నీకు ఆనందంగా ఉంటుందా? లోపల్నుంచి వచ్చిన జవాబు, లేదు. అంతే, కూలబడిపోయాడు. నెలల తరబడి దిగులు. చెప్పుకోడానికి ఎవరూ లేరు, తండ్రికి చెప్పినా అర్థం కాదని తెలుసు. విడదీసి పరీక్షించడం నేర్పిన చదువు, ఇష్టపడటం నేర్పలేదు. కవిత్వమూ చదివించారు, పద్యాలూ రాయించారు, కానీ అదీ ఒక సబ్జెక్టే. తండ్రిలో లోపించింది ఆప్యాయత అని ఆత్మకథలో రాశాడు. 1873లో అచ్చయిన ఆ పుస్తకంలో తల్లి ప్రస్తావనే లేదు. ఇల్లే బడి అయిన పిల్లాడి కథలో అమ్మ లేదు!

1828లో వర్డ్స్‌వర్త్ కవితలు చదివాక మనిషి తేరుకున్నాడు. అయినా క్లాసిక్స్‌ని తిట్టుకోలేదు. 1867లో సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో మాట్లాడుతూ గ్రీకు, లాటిన్, సైన్సు అన్నీ ఉండాల్సిందే అన్నాడు. వాటితోపాటు కవిత్వమూ కళలూ మనసుని పెంచే చదువుగా కావాలన్నాడు. లాయరో డాక్టరో అయ్యేముందు మనిషి మనిషి అవ్వాలన్నాడు. ఎంసెట్ ర్యాంకు తప్ప ఇంకేమీ అడగని చదువు చదివిన నాకు ఈ మాట కాస్త గట్టిగానే తగిలింది.

అందుకే డల్లాస్ ఆయనకి ఇలా రాశాను: "లిస్టు బాగుంది సార్. కానీ మిల్‌ని తయారుచేసింది లిస్టు కాదు, ప్రతి మాటకీ పని ఆపి జవాబిచ్చిన మనిషి. మీరు కాల్స్ మధ్యలో అలా ఆపగలరా? ఇంకోటి, అబ్బాయికి గురువు, స్నేహితుడు, ప్రపంచం అన్నీ మీరొక్కరే అయిపోతే అది సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్. సాయంత్రాలు పక్కింటి పిల్లల్తో ఆడుకోనివ్వండి."

"మరి మిల్ చివరికి బాగుపడ్డాడు కదా?" అన్నారాయన.

బాగుపడ్డాడు సార్, వాళ్ళ నాన్న చేతికివ్వని పుస్తకం చదివి!