రెండో చెంపకు రిహార్సల్

ఓర్పు అనేది స్వభావం అనుకుంటాం మనం. ఫలానా ఆయన శాంతమూర్తి, ఎవరేమన్నా పడతాడు అంటాం. ఆయన అటు వెళ్ళాక చేతకానివాడనీ అంటాం. తిరిగి కొట్టకపోవడానికి మెత్తదనం, భయం, ఈ రెండే కారణాలని మన లెక్క. మూడో కారణం ఒకటుందనీ, దాన్ని ఈత నేర్చుకున్నట్టు నేర్చుకోవచ్చనీ నమ్మి, చర్చి బేస్‌మెంట్‌లో క్లాసులు పెట్టి మరీ నేర్పిన మనిషి జేమ్స్ లాసన్. మెథడిస్ట్ పాస్టర్. 2024 జూన్‌లో, 95 ఏళ్ళ వయసులో చనిపోయాడు. అమెరికా పౌరహక్కుల ఉద్యమం అనగానే మనకి మార్టిన్ లూథర్ కింగ్ ఒక్కడే గుర్తొస్తాడు. ఆ కింగ్ అహింస విషయంలో తనకన్నా పెద్ద సిద్ధాంతకర్తగా చూసింది ఈయన్నే.

లాసన్ పుట్టు శాంతమూర్తేం కాదు. ఒహాయోలోని మాసిలన్ అనే ఊళ్ళో పెరిగాడు. చిన్నప్పుడు కారులో కూర్చున్న ఓ తెల్లపిల్లాడు జాతి పేరుతో తిడితే, దగ్గరికెళ్ళి లాగి కొట్టి ఇంటికొచ్చాడు. వంట చేసుకుంటున్న తల్లి వెనక్కి తిరక్కుండానే, దానివల్ల ఏం మేలు జరిగిందిరా అని అడిగింది. తర్వాత జీవితమంతా ఆ ప్రశ్న గురించి చెప్తూ వచ్చాడాయన. కొరియా యుద్ధం రోజుల్లో సైన్యంలో చేరనని జైలుకెళ్ళాడు. బయటికొచ్చాక 1953లో మిషనరీగా మన నాగపూర్‌కి వచ్చి హిస్లాప్ కాలేజీలో పనిచేశాడు. గాంధీని చదివాడు. మాంట్‌గోమరీలో నల్లవాళ్ళు బస్సులు బహిష్కరించారన్న వార్త ఆయన చదివింది నాగపూర్ పేపర్లోనే. 1957లో కింగ్‌ని కలిస్తే, చదువయ్యాక కాదు, ఇప్పుడే దక్షిణాదికి రమ్మన్నాడు. అలా టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్ చేరాడు. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో దైవశాస్త్రం విద్యార్థిగా చేరి, చుట్టుపక్కల నల్లజాతి కాలేజీల పిల్లల్ని పోగేశాడు.

క్లాసంటే ఉపన్యాసం ఒక్కటే కాదు. కుర్చీలు వరసగా వేసి అదే లంచ్ కౌంటర్ అనుకోమంటారు. నల్లవాళ్ళు డబ్బులిచ్చి సామాన్లు కొనుక్కోవచ్చుగానీ అదే షాపులో కూర్చుని కాఫీ తాగకూడదని రూలున్న కౌంటర్. కొందరు కూర్చుంటారు. మిగతావాళ్ళు తెల్ల రౌడీల వేషం కడతారు. బూతులు తిడతారు, మొహం మీద సిగరెట్ పొగ వదుల్తారు, కుర్చీలోంచి కిందకి లాగేస్తారు. కింద పడ్డప్పుడు తల ఎలా కాపాడుకోవాలి, పక్కవాణ్ణి మరీ కొడుతుంటే అడ్డంపడి ఆ దెబ్బల్ని ఎలా పంచుకోవాలి, కొట్టేవాడి కళ్ళలోకి ఎలా చూడాలి, అన్నీ ప్రాక్టీసే. మా సాఫ్ట్‌వేర్‌లో లోడ్ టెస్టింగ్ అంటాం. అసలు రోజు రాకముందే సిస్టమ్ మీద మేమే ఒత్తిడి పెట్టి ఎక్కడ విరుగుతుందో చూసుకుంటాం. లాసన్ మనుషుల కోపానికి అదే చేశాడు.

1959 నవంబరు, డిసెంబరుల్లో చిన్న గుంపులు వెళ్ళి కూర్చుని, వడ్డించమంటే గొడవ పడకుండా వెనక్కొచ్చాయి. 1960 ఫిబ్రవరి 13న అసలైనది మొదలైంది. 27న రౌడీలు వచ్చి పడ్డారు. విద్యార్థులు తిరిగి చెయ్యెత్తలేదు. పోలీసులు కొట్టినవాళ్ళని వదిలేసి 81 మంది నిరసనకారుల్ని అరెస్ట్ చేశారు. ఒక గుంపుని తీసుకుపోగానే ఇంకో గుంపు వచ్చి అవే కుర్చీల్లో కూర్చుంది. తిరిగి కొట్టొద్దు, తిట్టొద్దు, కౌంటర్ వైపే తిరిగి నిటారుగా కూర్చో అనే నియమాల కాగితం వాళ్ళ దగ్గరుంది. అందులో గాంధీ, కింగ్‌ల కన్నా ముందున్న పేరు యేసుది.

డేవిడ్ హాల్బర్‌స్టామ్ 'ద చిల్డ్రన్' పుస్తకంలో ఒక సంఘటన ఉంది. తోలు జాకెట్ వేసుకున్న కుర్రాడొకడు లాసన్ మొహాన ఉమ్మేశాడు. లాసన్ వాణ్ణే చేతిరుమాలు అడిగాడు. తబ్బిబ్బైన కుర్రాడు ఇచ్చేశాడు కూడా. తుడుచుకుని రుమాలు తిరిగిచ్చి, నీకు మోటార్ సైకిలుందా అని మాట కలిపాడు. వాడు తన బండి గురించి చెప్తున్నంతలో దెబ్బలు తింటున్న విద్యార్థులు పక్కకి జరిగారు. దీన్ని తెలివైన ఎత్తు అనొచ్చు. నాకు మాత్రం అంతకన్నా ముఖ్యంగా కనిపించేది అందులోని విశ్వాసం. ఉమ్మినవాడిలో ఇంకా ఒక మనిషి ఉన్నాడని, వాణ్ణి పిలిస్తే పలుకుతాడని నమ్మకపోతే ఆ రుమాలు అడగడం కుదరదు. శత్రువుని ప్రేమించమన్న బోధకి లాసన్ చేసిన వ్యాఖ్యానం అదే అనుకుంటాను.

ఇక్కడ మనకి రావాల్సిన అనుమానం ఒకటుంది. దెబ్బలు తినేవాళ్ళకే ఓర్పు పాఠాలేంటి? మన ఊళ్ళలో ఈ ఉపదేశం ఎప్పుడూ పైనుంచి కిందకే దిగింది. లాసన్ పనిచేసిన నాగపూర్‌లోనే 1956 అక్టోబరు 14న అంబేడ్కర్, ఆయనతో లక్షలమంది బౌద్ధం తీసుకున్నారు. అణిగి ఉండమనే ధర్మం మాకొద్దు అనడమే అది. ఆ కోపం పక్కన పెట్టి చదివితే లాసన్ కథ ఉత్త నీతికథ అయిపోతుంది.

కానీ నాష్‌విల్ పిల్లలు అణిగి ఉండలేదు. కూర్చోవద్దన్న చోట కూర్చున్నారు. జరిమానా కట్టం, జైల్లోనే ఉంటాం అన్నారు. నల్లవాళ్ళు ఈస్టర్ బట్టలు కొనకుండా షాపుల్ని బహిష్కరించారు. చేతిని ఆపుకున్నారు తప్ప అడగడం ఆపలేదు. నేర్పినవాడు ఒడ్డున కూర్చోలేదు కూడా. మార్చిలో వాండర్‌బిల్ట్ లాసన్‌ని బహిష్కరించింది, ఆ మర్నాడే పోలీసులు అరెస్ట్ చేశారు. ఏప్రిల్ 19 తెల్లవారుజామున విద్యార్థుల లాయరు అలెగ్జాండర్ లూబీ ఇంటిని డైనమైట్‌తో పేల్చారు. ప్రతీకారానికి అంతకన్నా కారణం ఏం కావాలి? కొన్ని వేలమంది మాట్లాడకుండా సిటీ హాల్‌కి నడిచారు. అక్కడ డయాన్ నాష్ అనే విద్యార్థిని మేయర్ బెన్ వెస్ట్‌ని సూటిగా అడిగింది, రంగుని బట్టి మనుషుల్ని వేరు చెయ్యడం తప్పు కాదా అని. తప్పేనని ఆయన ఒప్పుకున్నాడు. మే 10న కౌంటర్లు తెరుచుకున్నాయి. లాసన్ క్లాసులకి మొదట వచ్చినప్పుడు ఇదంతా పనిచేస్తుందని నాష్‌కి నమ్మకం లేదు. ఊళ్ళో ఎవరైనా ఏదైనా చేస్తున్నది అక్కడొక్కచోటే కాబట్టి వచ్చింది.

ఈ ఓర్పు ఎప్పుడూ గెలుస్తుందని చెప్పలేను. 1968లో పారిశుధ్య కార్మికుల సమ్మెకి కింగ్‌ని మెంఫిస్‌కి పిలిచింది లాసనే. కింగ్‌ని చంపింది ఆ ఊళ్ళోనే. ఆ హత్యకి శిక్షపడ్డ జేమ్స్ ఎర్ల్ రేని లాసన్ జైలుకెళ్ళి కలిసేవాడు. 1978లో జైల్లోనే అతనికి పెళ్ళి జరిపించాడు. రే అసలు హంతకుడు కాడని లాసన్ నమ్మకం. ఆ సంగతి దాచేస్తే ఈ కథ ఇంకా అందంగా ఉండేది. కానీ దేశమంతా అతన్ని హంతకుడిగానే చూస్తున్న రోజులవి. పోగొట్టుకున్నది తన స్నేహితుణ్ణి. బైబిల్ పట్టుకుని ఆ జైలు గేటు దాకా వెళ్ళడానికి కూడా ఎన్నేళ్ళ సాధన కావాలో!