దీర్ఘమైన కేబులు, దాని కొసనుండు కొలత

1858 ఆగస్టు మాసమున, ఐర్లండు తీరమునందలి వలెంషియా ద్వీపము నుండి న్యూఫౌండ్‌లాండులోని ట్రినిటీ అఖాతము వరకు సముద్రగర్భమున పరచిన తంతి తీగ గుండ, విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షుడగు బుకానన్‌కు పంపిన 98 మాటల సందేశము ఆవలి యొడ్డు చేరుటకు 16 గంటలు పట్టెను. తీగ పొడవు రెట్టింపైనచో సంకేతమునకు కలుగు జాప్యము నాలుగు రెట్లగునని విలియమ్ థామ్సన్ అంతకు ముందే గణితముచే నిరూపించి, అతి స్వల్ప ప్రవాహమును సైతము పసిగట్టు అద్దపు గాల్వనోమీటరును నిర్మించి యిచ్చినను, తీగ పరచిన సంస్థకు విద్యుదధికారియగు వైట్‌హౌస్ బలప్రయోగమునే నమ్మి సుమారు 2,000 వోల్టులు ప్రయోగించెను. అప్పటికే లోపభూయిష్టమైయున్న తీగ కొలది వారములలో మూగవోయెను. తీగ తన గుండ పోవు సంకేతమును మార్చివేయుననియు, ఆ మార్పును ముందుగా కొలుచుకొననివానికి ఆవలి కొస సంగతి తెలియరాదనియు లోకము అంత భారీ మూల్యము చెల్లించి గ్రహించెను.

ఆ మార్పునకు సంపూర్ణమైన గణితరూపము నొసగినవాడు ఆలివర్ హెవిసైడ్. న్యూకాసిల్ తంతి కార్యాలయమున పనిచేసి, యౌవనముననే ఉద్యోగము విడిచి, పేదరికమున ఏకాంతముగా జీవించిన ఆ మహనీయుడు, తీగకు నిరోధముతోపాటు ప్రేరకత్వము, ధారకత్వము, స్రావము అను మరి మూడు ధర్మములు అడుగడుగున వ్యాపించి యుండునని చూపెను. ప్రేరకత్వమును తగిన పాళ్లలో పెంచినచో సంకేతరూపము చెడక సాగునని ఆయన చెప్పగా, తపాలా శాఖలో విద్యుత్ నిపుణుడైన ప్రీస్ దానిని ఖండించి, ఆ సిద్ధాంతమునకు చాలకాలము అడ్డు నిలిచెను. ఇది విజ్ఞానచరిత్రలో మిక్కిలి విచారింపదగిన అన్యాయము. ఒక వాహకమును వేరొక వాహకము నడుమ నిలిపి, ఇరుగుపొరుగు తీగల ధ్వని చొరకుండ కాపాడు కోయాక్సియల్ నిర్మాణమునకు ఆయన 1880లోనే ఇంగ్లండున పేటెంటు పొందెను. అమెరికాలో ఎస్పెన్షీడ్, ఆఫెల్ అనువారు 1929లో దరఖాస్తు చేసి 1931లో పొందిన పేటెంటుతో ఆ నిర్మాణము దూరవాణి మార్గమున ప్రవేశించినది.

బెల్ ప్రయోగశాలకు చెందిన ఫిలిప్ స్మిత్ 1939లో ప్రకటించిన, తీగ కొసనుండు యాంటెన్నా వంటివాటినుండి వెనుదిరుగు పరావర్తనమును ఒక బిందువుగా చూపు వృత్తాకారపు పటము ఈ చరిత్రలో నాకు అత్యంత ప్రియమైన ఘట్టము. తీగవెంట అర్ధతరంగదైర్ఘ్యము నడచినచో ఆ పటముపై బిందువు కేంద్రము చుట్టును ఒక పూర్ణప్రదక్షిణము గావించును. తీగలో క్షీణత యున్నచో ఆ ప్రదక్షిణము సర్పిలమై కేంద్రము వైపు ముడుచుకొనిపోవును. పాలిథిలీను నింపిన 30 మీటర్ల కేబులులో 1 గిగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యము దాదాపు 20 సెంటీమీటర్లగుటచే, బిందువు 300 సార్లు తిరుగవలసియుండును. సంకేతము కేబులు గుండ పోయి పరావర్తనమై మరల దాని గుండనే తిరిగివచ్చుటచే, ఒకవైపు క్షీణత 10 డెసిబెల్ అయినచో రాకపోకలు కలిసి 20 డెసిబెలై, కొసన యాంటెన్నాయే లేక తెగియున్నను, ఈవలి పరికరమునకు అది చక్కగా కుదిరిన యాంటెన్నావలె గోచరించును. దీర్ఘమైన కేబులుతో కొలుచువారిని మోసపుచ్చునది ఇదియే.

దీనికి విరుగుడు నెట్‌వర్క్ అనలైజర్లు అను కొలత పరికరములతో వచ్చినది. హ్యూలెట్-ప్యాకార్డ్ సంస్థ 1967లో వెలువరించిన 8410 పరికరము పరిమాణమును, దశను ఏకకాలమున చూపగలిగెను. 1984 నాటి 8510 లోపముల సవరణను తత్క్షణమే గావించెను. నడుమ 1979లో, బౌల్డరులోని అమెరికా జాతీయ ప్రమాణముల సంస్థలో ఎంగెన్, హోయర్ అనువారు సరళమైన తీగ ముక్కనే ప్రమాణముగా గైకొను పద్ధతిని ప్రకటించిరి. ఖాళీ పాత్ర తూకమును ముందు చూచుకొని నేతి తూకమును నిర్ణయించు వర్తకునివలె, కేబులు కొసకు ఓపెను, షార్టు, లోడు వంటి తెలిసిన ప్రమాణములను వరుసగా బిగించి, కేబులు కలిగించు వక్రతను లెక్కగట్టి తీసివేయుట కాలిబ్రేషను అనబడు ఈ పద్ధతులన్నిటికి ప్రాణము.

అయినను ఆ లెక్క కేబులు కదలనంతవరకే చెల్లును. 1 గిగాహెర్ట్జ్ వద్ద పొడవు ఒక్క మిల్లీమీటరు మారినచో రాకపోకలలో దశ 3.6 డిగ్రీలు తప్పును. కేబులులోని టెఫ్లాను 19 డిగ్రీల సెంటీగ్రేడు సమీపమున తన స్ఫటికనిర్మాణమును మార్చుకొనుటచే, చల్లని ఉదయమున సరియైన కాలిబ్రేషను మధ్యాహ్నమునకు సందేహాస్పదమగును. 30 మీటర్ల కేబులులో సంకేతము పోయి వచ్చుటకు సుమారు 300 నానోసెకన్లు పట్టును గనుక, పౌనఃపున్యములను అతివేగముగా స్వీపు చేయు పరికరమునందు తిరిగివచ్చిన తరంగము చేరునప్పటికే గ్రాహకము వేరొక పౌనఃపున్యమునకు జరిగియుండును.

కావున గోపురముల పాదమున నిలిచి శిఖరమునందలి యాంటెన్నాను పరీక్షించు నేటి సాంకేతికులు, శ్రమకు వెనుకాడక, ప్రమాణములను కేబులు పైకొసకే కొనిపోయి కాలిబ్రేషను చేయవలెను. అది సాధ్యపడనిచోట, నివేదికలో ప్రతి పరావర్తనపు కొలత ప్రక్కను ఆ పౌనఃపున్యమున కేబులు క్షీణతను తప్పక వ్రాయవలెనని వారికి నా మనవి.