మేరియో కోసం ఒక ప్రాసెసరు

1990లలో మా కవాడిగూడ ఇంట్లో అబ్బాయి వీడియోగేము పెట్టెను అటక ఎక్కించినవాడను నేనే. పదో తరగతివాడికి ఆటలేమిటని! అది మరల పనిచేయలేదు. 2019లో సెలవుకు వచ్చినప్పుడు వాడు, "ఆ మేరియో ఉంటే మీ మనవడికి చూపేవాణ్ణి నాన్నగారూ" అన్నాడు.

మర్నాడే సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్ళాను. 1983లో జపానులో వచ్చిన ఫామికాం యంత్రపు ప్రాసెసరుకు సెకనుకు సుమారు 18 లక్షల స్పందనలు. నేను కొన్న ఆథ్లాన్ 200జీఈ (2018)కి 320 కోట్లు. ఇంత తేడా ఎందుకంటే, ఎమ్యులేటరు దుబాసి వంటిది. పాత యంత్రపు ప్రతి ఆజ్ఞనూ అప్పటికప్పుడు తర్జుమా చేస్తూ, బొమ్మనూ ధ్వనినీ ఒకే తాళంలో నడపాలి. ఆ పనిని పలువురికి పంచడం కష్టం. కనుక కోర్ల సంఖ్యకన్న ఒక్కొక్క కోరు వేగమే ప్రధానం. దీనికి రెండే కోర్లు. గ్రాఫిక్సు అందులోనే ఉన్నందున వేరే కార్డు ఖర్చూ తప్పింది.

మా అబ్బాయి మొదటి గుంటలోనే పడ్డాడు. మనవడు నవ్వాడు. రాత్రి పదకొండు దాటింది. ఈసారి నేను లేచి స్విచ్చి ఆపలేదు.